మునిగిన గింజలు

అనగా అనగా, ఏటి ఇసుకలో పుచ్చతీగలు పాకే ఒక రాజ్యం. దానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పొరుగు రాజ్యపు రాకుమారి మంజులవల్లిని ఒక మాయావి ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. అప్పుడు చిన్నవాడు విజయకేతు బయల్దేరాడు. మంచివాడే, ధైర్యం ఉన్నవాడే, కానీ ఒట్టి తొందరమనిషి.

ఏడు సముద్రాలూ దాటి మాయావి కోట వంటింట్లోకి దూరాడో లేదో, రెండు చిలుకలు వచ్చి అతని భుజాల మీద వాలాయి.

"తమ్ముడూ, మేమేరా! ఆ మాయావి మమ్మల్ని ఇలా చేశాడు" అంది ఒకటి.

"అటక మీది పుచ్చకాయలో మూడే గింజలున్నాయి. ఒకదాంట్లో వాడి ప్రాణం, మిగతా రెండింట్లో మా మనిషి రూపాలు" అంది రెండోది. "మన ఊళ్లో విత్తనాలు ఎలా ఏరతారో అలాగే నీళ్లలో వెయ్యి. తేలే తాలుగింజ వాడిది, దాన్ని వేయించెయ్యి. మునిగేవి మావి, వాటిని నాటు. మొలకెత్తగానే మళ్లీ మనుషులమవుతాం."

అక్కడే వంట చేస్తున్న మంజులవల్లి గబగబా పొయ్యి మీద మూకుడు పెట్టింది. విజయకేతు కాయ కోసి గింజలు చేతిలోకి తీసుకున్నాడు. అంతలో పక్కగదిలో మాయావి గురక ఆగింది.

"లేచాడు!" అంటూనే విజయకేతు మూడు గింజలూ మూకుట్లో పడేశాడు.

"నీళ్లు తమ్ముడూ, నీళ్లు!" అని చిలుకలు అరిచాయి.

గింజలు చిటపటలాడాయి. మాయావి ఉన్నచోటే చచ్చాడు. వాడు అసలు లేవనేలేదు పిల్లలూ, పక్కకి ఒత్తిగిల్లాడంతే. గిన్నెలో చెంబెడు నీళ్లు పొయ్యడానికి ఎంతసేపు పడుతుంది, మీరే చెప్పండి! ఆ తర్వాత చిలుకల నోట మనిషి మాట రాలేదు.

పెళ్లి వైభవంగా జరిగింది. విజయకేతు రాజై చాలాకాలం చల్లగా ఏలాడు. మంజులవల్లి పుచ్చగింజలు ఎండబెట్టి, ఉప్పునీళ్లు చిలకరించి వేయించేది. పప్పు ఒలిచి పాయసంలో వేసేది, కూరల్లోకి నూరేది. ఆమెను చూసి రాజ్యమంతా నేర్చుకుంది. రాజు మాత్రం ఒక్క గింజ నోట పెట్టలేదు.

ఏటా విత్తే వేళకి తనే గింజలు నీళ్లలో పోసి, మునిగినవి ఏరి నాటేవాడు. తీగలు వచ్చేవి, కాయలు కాసేవి, అన్నలు మాత్రం వచ్చేవారు కాదు.

సాయంత్రాలు ఒక్కో గింజా ఒలిచి చిలుకల ముందు పెట్టేవాడు. "నిదానంగా తినండి అన్నయ్యలూ" అనేవాడు. "తొందరేం లేదు."