అరుంధతి కనిపించని పెళ్లి

కలువగిరి రాజు భువనసేనుడు పొగడ్తలంటే చెవి కోసుకుంటాడు. ఆయన కొలువులో పత్రాధికారి దండిభట్టు ఆ చెవులకు ఏ లోటూ రానిచ్చేవాడు కాదు.

ఒకనాడు నిండు సభలో దండిభట్టు లేచాడు. "ప్రభూ, విడాకుల వ్యవహారం తమరు నాకు అప్పగించిన నాటి నుంచి రాజ్యంలో ఒక్క జంట కూడా విడిపోలేదు. అందరూ చిలకా గోరింకల్లా కాపురాలు చేసుకుంటున్నారు."

రాజు మీసం దువ్వుకున్నాడు. తెర వెనక కూర్చున్న రాణి మాధవీదేవి గాజులు సవరించుకుంది. ఆస్థాన విదూషకుడు కూచన మాత్రం దగ్గాడు.

"ఏం కూచనా, గొంతులో ఏమైనా పడిందా?" అన్నాడు రాజు.

"భట్టుగారి మాటే పడింది ప్రభూ. తలుపుకి బయట గడియ పెట్టి, లోపలివాళ్లు ఇల్లు కదలడం లేదు, ఎంత సుఖపడుతున్నారో అన్నట్టుంది."

దండిభట్టు మొహం మాడిపోయింది. రాజుకి పట్టుదల వచ్చింది.

"అయితే పొద్దుగూకేలోగా ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి, పెళ్లి బంధం నుంచి విడుదల ఇప్పించు. నా ముద్ర పడ్డ పత్రం ఉండాలి. ఇప్పిస్తే నా చేతి కంకణం నీది. లేకపోతే నెల రోజులు దండిభట్టు పల్లకీ మోయాలి."

దండిభట్టు తన బరువు తలుచుకుని ఎంతో సంతోషించాడు.

కూచన తిన్నగా పత్రశాలకి వెళ్లాడు. మెట్ల మీద నాంచారమ్మ అనే సాలె ఆమె తాటాకుల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె మొగుడు పోలయ్యకి కోడిపందేలే లోకం. ఆమె నేసిన చీరలన్నీ పందెం కోళ్ల పాలయ్యాయి. ఇక మగ్గమొక్కటే మిగిలింది. రేపు సంతలో దాన్నీ అమ్మేస్తానన్నాడు. పెళ్లాం సొత్తు మొగుడిదేనని చట్టం కాబట్టి కాదనేవాళ్లు లేరు.

"మరి అర్జీ పెట్టుకోలేదా తల్లీ?" అన్నాడు కూచన.

"పెట్టాను బాబూ. తాటాకు పచ్చిగా ఉందన్నారు, ఎండబెట్టి తెచ్చాను. మరీ ఎండిందన్నారు. ఊరి పెద్దకాపు ముద్ర తెస్తే వంకరగా పడిందన్నారు. అన్నీ దాటాక ఇప్పుడు అరుంధతి దగ్గర ఆగింది."

"ఆవిడెవరు, కొత్త గుమాస్తానా?"

"చుక్క బాబూ, ఆకాశంలో చుక్క."

సంగతేమిటంటే, విడిపోవాలంటే ముందు పెళ్లయినట్టు రుజువు కావాలి. పెళ్లికి రుజువు, పెళ్లినాడు అరుంధతీ నక్షత్రాన్ని కళ్లారా చూశానని దేవుడి ముందు ప్రమాణం చేసి రాసిచ్చిన పత్రం. ఇది దండిభట్టు సొంత బుర్రలో పుట్టిన నియమం. ఆ బుర్రలో ఇంకేమీ పుట్టలేదు గనుక దీన్ని ఆయన అపురూపంగా చూసుకునేవాడు.

"చూశానని రాసిచ్చెయ్యలేకపోయావా? లోకమంతా చెప్పేది అదేగా."

"మిట్టమధ్యాహ్నం పెళ్లికి చుక్క ఎక్కడ కనిపిస్తుంది బాబూ? పంతులుగారు అటు చూడమంటే చూశాను, కనిపించిందా అంటే తలూపాను. ఆ అబద్ధంతోనే కాపురానికి వెళ్లాను. బయటపడేటప్పుడైనా నన్ను నిజం చెప్పుకోనివ్వండి."

ఆమె కళ్లు నిండాయి. కూచనకి దండిభట్టు మీద ఒళ్లు మండింది. అంతలోనే ఒక ఉపాయం తట్టి నవ్వొచ్చింది.

"నిజమే చెబుదువుగాని, రా తల్లీ."

సభలో దండిభట్టు కట్ట విప్పి చూశాడు. "అరుంధతి పత్రమేది?"

"చుక్క కనిపించలేదండి," అంది నాంచారమ్మ.

"అయితే విడాకులు లేవు. పెళ్లే రుజువు కానప్పుడు విడాకులేమిటి?"

కూచన చేతులు నలుపుకున్నాడు. "ఊరంతా వచ్చి భోంచేసి వెళ్లింది కదండీ, కాస్త దయ చూపండి."

"ఊరు భోంచేస్తే పెళ్లవుతుందా? ఈ పత్రం లేనిదే ఎంతటివారి పెళ్లయినా పెళ్లి కాదు."

"అయితే ఆ మాటే రాసి ముద్ర వేసివ్వండి. వెళ్లి పల్లకీ బొంగుకి భుజం అలవాటు చేసుకుంటాను."

దండిభట్టు గంటం తీసి, అందరికీ వినబడేలా చదువుతూ రాశాడు. "నాంచారమ్మకు, పోలయ్యకు పెళ్లయినట్టు రుజువు లేదు. వీరిని భార్యాభర్తలుగా రాజ్యం ఒప్పుకోదు. అర్జీ కొట్టివేయడమైనది." దాని మీద రాజముద్ర గట్టిగా అదిమాడు. ఈసారి వంకరగా పడలేదు.

కూచన ఆ ఆకు అందుకుని నాంచారమ్మ చేతిలో పెట్టాడు.

"తీసుకో తల్లీ. నీకు మొగుడే లేడని రాజుగారు ముద్ర వేసిచ్చారు. రేపు ఎవడో పోలయ్యట, మగ్గం జోలికొస్తే దొంగని పట్టించు."

దండిభట్టు ఆకు కోసం చెయ్యి చాచాడు. "ప్రభూ, ఇది మోసం. ఆ ఆకు వెనక్కి ఇప్పించండి. నియమం ఉద్దేశం ఇది కాదు."

"ఎంతటివారికైనా అదే నియమమని తమరే అన్నారు కదా భట్టుగారూ," అన్నాడు కూచన. తర్వాత రాజు వైపు తిరిగి వినయంగా వంగాడు. "ప్రభూ, తమ పెళ్లినాడు అరుంధతి కనిపించిందా?"

రాజు మెడ గోక్కున్నాడు. "పగటి ముహూర్తం... పురోహితుడు చూపించాడు... చూశాననే అన్నాను."

తెర వెనక గాజులు గలగలమన్నాయి.

"నాకైతే పందిరి గుంజ కనిపించింది. దండిభట్టుగారూ, పల్లకీ ఖాళీగా ఉంటే పంపించండి, నేను పుట్టింటికి వెళ్తాను," అంది రాణి.

ముందు రాజే పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత నవ్వడానికి సభకి ధైర్యం వచ్చింది.

"నా ముద్ర పడ్డ మాట వెనక్కి పోదు. నాంచారమ్మ మగ్గం నాంచారమ్మదే," అన్నాడు రాజు కంకణం తీసి కూచన చేతికి తొడుగుతూ. "అరుంధతి పత్రం ఈ క్షణం నుంచి రద్దు. భట్టూ, రాణిగారు గడప దాటకముందే ఆ మాట రాసెయ్యి. తాటాకు పచ్చిదో ఎండుదో చూస్తూ కూర్చోకు."