తోడు గిన్నె ఉన్న ఇల్లు

అడిగిన ప్రశ్నకు శేషారత్నం గారు నేరుగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఆడపిల్లల కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. ఆ సాయంత్రం ఆవిడ అరుగు మీద గోరుచిక్కుళ్లు తుంచుతుంటే శిష్యురాలు వకుళ అడిగింది.

“పూర్వం రాజులు పెట్టించిన జాతీయ బ్యాంకులూ నోట్లు వేశాయి, ఖజానా చూశాయి. ఇప్పటి కేంద్ర బ్యాంకులూ ఆ పనే చేస్తున్నాయి. మరి తేడా ఏమిటి మేడమ్?”

“మా అమ్మమ్మ ఊళ్లో పెరుగు వీధి ఉండేది,” అన్నారావిడ. వకుళ పెన్ను మూసేసింది. ఇక రాసుకునేదేమీ ఉండదని ఆమెకు తెలుసు.

ఆ వీధిలో ఆడవాళ్లంతా పెరుగమ్మి బతికేవారు. పెత్తనం మాత్రం బసవయ్యది. మునసబు కూతురి పెళ్లికి పాలూ పెరుగూ అరువు పోశాడు. అందుకు బదులుగా, వీధి మొత్తం బసవయ్య ఇంటి తోడే వాడాలని మునసబు చాటింపు వేయించాడు. అతను అందరికీ తోడు ఇచ్చేవాడు, అందరితో పోటీపడి పెరుగూ అమ్మేవాడు.

ఒక రోహిణికార్తెలో ఆ ఇంటి తోడు చెడి తీగలు సాగింది. బాగున్నది చిన్న గిన్నెడు మిగిలింది. తలా చుక్కా వేస్తే వీధికంతా సరిపోతుంది. ఒక్క గేదె మీద ఇద్దరు పిల్లల్ని సాకుతున్న నాంచారమ్మ, కాచిన పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

“ఒక్క చెంచా వెయ్యి, అన్నా.”

“ముందు నా కుండలు తోడుకోవాలిగా. నీకిస్తే రేపు బజార్లో నా పక్కనే కూచుని అమ్ముతావు.”

“ఇన్నాళ్లూ ఆ గిన్నె వీధిదనుకున్నాం.”

“వీధిదే. నా కుండలయ్యాక.”

సాయంత్రానికి వీధిలో పాలన్నీ విరిగిపోయాయి. మర్నాడు బసవయ్య ఒక్కడే అమ్మాడు, రెట్టింపు ధరకి. ఆపైన కొనేవాళ్లంతా పక్కూరి సంతకు తిరిగారు. అతని కుండలూ అలాగే పులిశాయి. ఆ వేసవి దాటకుండానే నాంచారమ్మ గేదెను అమ్మేసింది.

అప్పుడు ఆడవాళ్లు వెళ్లి మునసబు వాకిట్లో కూర్చున్నారు, గిన్నె చేయి మారేదాకా లేవలేదు. అది అదే వీధిలోని తాయారమ్మ ఇంటికి చేరింది. షరతు ఒకటే: తోడు ఉంచే ఇల్లు పెరుగమ్మకూడదు. ఆవిడ తిండీ బట్టా వీధి చూసుకుంటుంది.

“అయితే బసవయ్య చెడ్డవాడన్నమాట,” అంది వకుళ.

“వ్యాపారి, వ్యాపారం చేశాడు. గిన్నె అతని చేతిలో పెట్టినవాణ్ణి మీ పుస్తకాలు రాజుగారంటాయి.”

“తాయారమ్మ ఇంట్లో గిన్నె భద్రమేనా మరి?”

శేషారత్నం గారు చేట పక్కన పెట్టారు.

“మునసబుకు రెండో కూతురుందమ్మా. దాని పెళ్లికీ పాలూ పెరుగూ అరువు కావాలిగా. ఆ పెళ్లి ముందు రోజు తాయారమ్మ గుమ్మంలో ఎవరి చెప్పులున్నాయో చూసి, అప్పుడు చెప్పు.”