బల్లమీది సముద్రం

అనగనగా ఒక సముద్రం. దానికి నాలుగు కాళ్లు ఉండేవి. నవ్వకండి, ముందు వినండి. ఆ కాళ్లు బల్లవి. బల్ల మీద గాజు తొట్టె, తొట్టెలో సముద్రం. రెండు మూరల పొడవు, ఒక మూర లోతు, అంతే. భీమిలిలో పడవల ఇంజన్లు బాగుచేసే భానోజీ ఇంటి ముందుగదిలో ఉండేది అది.

భానోజీ దాన్ని చాలా ఓపిగ్గా కట్టాడు. శుభ్రమైన నీళ్లలో కొలిచి ఉప్పు కలిపాడు. అడుగున ఇసుక పరిచాడు. సముద్రంలో పుట్టిన రాళ్లు, ఒళ్లంతా చిల్లులున్నవి, నాలుగు పేర్చాడు. మూడు పెద్దవి, ఒకటి పిడికెడంతది. ఎండకు బదులు దీపం, అలలకు బదులు చిన్న మోటారు పెట్టాడు. ఇంత చేసి, చేపను మాత్రం తేలేదు. వారం గడిచింది. మూడు వారాలు గడిచాయి. పక్కింటాయన వచ్చి చూసి, చేపల్ని పెంచేవాళ్లను చూశాను గానీ నీళ్లను పెంచేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానని అన్నాడు. భానోజీ నవ్వి ఊరుకున్నాడు. రోజూ చిటికెడు చేపల మేత ఆ ఖాళీ నీళ్లలో వేసేవాడు.

ఎవరి కోసం అనుకున్నారు? ఆ రాళ్ల చిల్లుల్లో కంటికి ఆనని జీవులు కాపురాలు పెడుతున్నాయి. వాటి కోసం. చేప వదిలిన మలం, తినకుండా మిగిల్చిన మేత నీళ్లలో కుళ్లి విషమవుతాయి. ఆ విషమే ఈ రాతివాళ్లకు అన్నం. వాళ్లు తింటేనే చేప బతుకుతుంది. నలభై రోజులకు రాళ్లు రాతివాళ్లతో నిండిపోయాయి. అప్పుడు భానోజీ ఒక నత్తను తెచ్చాడు. తర్వాత ఆకుపచ్చని పగడపు మొలకను తెచ్చాడు. ఆఖరున చేపను తెచ్చాడు.

చేప పేరు నారింజి. నారింజ పండు రంగు ఒళ్లు, మూడు తెల్లని పట్టీలు. చూసినవాళ్లంతా ఎంత ముద్దుగా ఉందో అన్నారు. నారింజి ఆ మాటలన్నీ విన్నది, నమ్మింది కూడా. పగటిపూట గాజులో తన నీడ చూసుకునేది. పొద్దుగూకగానే పగడపు మొలక పక్కన ఒదిగి పడుకునేది. దానికి ఏ లోటూ లేదు. ఒక్క రాళ్లు తప్ప.

కొత్త తొట్టెలో రాళ్లకు మొదట్లో గోధుమరంగు పాచి పడుతుంది. దాని సమయం వచ్చినప్పుడు అదే పోతుంది. నారింజికి అంతవరకు ఆగే ఓపిక లేదు. నత్త దగ్గరికి వెళ్లి, ఈ మురికి రాళ్ల మధ్య ఉండలేకపోతున్నాను, తొందరగా పాచి నాకెయ్యమంది.

నత్త నాకడం ఆపకుండానే జవాబు చెప్పింది. "నేను నత్తను నాయనా, గుర్రాన్ని కాను. నెల పడుతుంది. అయినా ఆ రాళ్లకేం? నీకంటే ముందు వచ్చినవాళ్లు ఉన్నారు అందులో."

"ఎవరు? నాకెవరూ కనబడటం లేదే."

"కనబడరు. పని చేసుకుంటున్నారు."

కనబడనివాళ్ల గురించి నారింజి ఎందుకు పట్టించుకుంటుంది? విని వదిలేసింది.

ఇంతలో రెండు సంగతులు జరిగాయి. కాకినాడలో ఎవరిదో పడవ ఇంజను పాడైందని భానోజీ శుక్రవారం ఊరికి వెళ్లాడు. వెళుతూ భార్య వరహాలమ్మకు గట్టిగా చెప్పాడు, నీళ్లు తగ్గితే గీత వరకు మంచినీళ్లు పొయ్యి, చిటికెడు మేత వెయ్యి, ఇంకేమీ ముట్టుకోకు అని. రెండో సంగతి, ఆదివారం వరహాలమ్మ పుట్టింటివాళ్లు ఈ వింత చూడ్డానికి వస్తామని కబురు చేశారు. వరహాలమ్మ ఇంట్లో గిన్నెల అడుగులు కూడా అద్దాల్లా ఉంటాయి. చుట్టాలు వస్తున్నారంటే ఇక చెప్పాలా? శనివారం పొద్దున్నే చీపురు, గుడ్డ, కొబ్బరి పీచు పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

తొట్టె వెనక గోడ మీద ఒక బల్లి ఉండేది. దీపం దగ్గరికి వచ్చే పురుగులు తిని బాగా ఒళ్లు చేసింది. మనం మాట అంటుండగా బల్లి పలికితే ఆ మాట సత్యమని మనవాళ్ల నమ్మకం. ఆ సంగతి బల్లికి తెలుసు. నేను పలికితే ఈ వీధిలో రెండు పెళ్లిళ్లు కుదిరాయని గొప్పలు చెప్పుకునేది. నారింజి దాన్ని పిలిచింది.

"బల్లి మామా, ఆవిడ ఈ రాళ్లు కడగాలా వద్దా అని ఆలోచిస్తోంది. కడగాలి అన్నప్పుడు నువ్వొకసారి పలకవా?"

"రాళ్ల గురించి నాకేం తెలుసు?"

"రెండు పెళ్లిళ్లు చేసినవాడివి. రాళ్లు ఒక లెక్కా?"

బల్లి ఉబ్బిపోయింది.

వరహాలమ్మ తొట్టె ముందు నిలబడి, ఛీ, ఇంత పాచితో చుట్టాలకేం చూపిస్తాను, ఈ రాళ్లు కడిగితేనే బాగుంటుంది అని తనలో తను అనుకుంది, కాస్త పైకే. బల్లి మూడుసార్లు పలికింది. ఆవిడ వేలితో బల్ల మీద తట్టి "సత్యం" అంది. అక్కడితో మొగుడి మాట కొట్టుకుపోయింది.

మూడు పెద్ద రాళ్లూ బయటికి తీసింది. కుళాయి కింద పెట్టి కొబ్బరి పీచుతో తోమి, మళ్లీ తొట్టెలో పేర్చింది. క్రిములు చావడానికి కుళాయి నీళ్లలో కలిపే మందు మనకు మంచిదే. రాతివాళ్లకు మాత్రం అదే ఆఖరు. నాలుగో రాయికి చెయ్యి వేసేసరికి దాని మీద నత్త ఉంది. వరహాలమ్మ లాగింది. నత్త ఉన్న బలమంతా పెట్టి రాయినీ పక్కనున్న గాజునూ కలిపి పట్టుకుంది. ఎంత లాగినా వదల్లేదు. పోనీలే, చిన్నదే కదా, మోటారు చాటున ఎవరు చూస్తారని ఆవిడ ఊరుకుంది.

ఆదివారం చుట్టాలు వచ్చారు. రాళ్లు మల్లెపూలలా ఉన్నాయన్నారు. చేప బంగారమన్నారు. వచ్చిన ప్రతివాళ్లూ చిటికెడు మేత వేశారు. నారింజి కడుపు నిండా తిని, ఇంతకంటే మంచి రోజు ఉండదనుకుంది.

సోమవారం నారింజికి కళ్లు మండాయి. మంగళవారం పగడపు మొలక ముడుచుకుపోయింది, పిలిచినా విచ్చుకోలేదు. బుధవారానికి నారింజి నీటి పైకి చేరి నోరు తెరిచి ఎగబీలుస్తోంది. దాని పట్టీలు కూడా మాసిపోయాయి.

"నత్తమ్మా, నీళ్లకు ఏమైంది?"

"నీళ్లకేం కాలేదు. నీ మురికి తినేవాళ్లు పోయారు. మురికి మిగిలింది."

నారింజి మెల్లగా కిందికి దిగి, తెల్లని రాళ్లను ఒక్కొక్కటిగా చూసింది. ఆ తర్వాత, ఒక్కరూ మిగల్లేదా అని అడిగింది.

"నా కింద ఉన్న ఈ రాతిలో ఉన్నారు. కొద్దిమందే. నువ్వు తింటున్నంత తిండికి వాళ్లు సరిపోరు."

"నేను తినకపోతే?"

నత్త మొదటిసారి నాకడం ఆపి దానివైపు చూసింది. "తినకపోతే వాళ్లకు కాస్త ఊపిరి ఆడుతుంది. ఇంకో మాట. వాళ్లకు పారే నీళ్లు కావాలి. ఈ రాయి మోటారు చాటున ఉంది, అల దీనికి తగలదు."

నారింజి ఇక గాజు వైపు వెళ్లలేదు. చిన్నరాయి పక్కన నిలబడి, ఉన్న కాస్త ఓపికతో తోకతో నీళ్లు విసరడం మొదలుపెట్టింది. వరహాలమ్మ మేత వేస్తే ముట్టలేదు. ఆవిడకు అనుమానం వచ్చింది. ఎంతైనా నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, తిండి మానేస్తే జబ్బేనని తెలుసు. వేసిన మేత గరిటెతో తీసేసి, మొగుడికి ఫోన్ చేసింది. భానోజీ ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేశాడు. తెల్లగా మెరిసే రాళ్లు చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఎవరు కడగమన్నారే?"

"బల్లి పలికింది మరి."

"బల్లికి చేపల సంగతి ఏం తెలుసు?"

బల్లి క్యాలెండరు వెనక్కి వెళ్లిపోయింది. నాలుగు రోజులు నోరెత్తలేదు. వరహాలమ్మ మాత్రం తప్పు నాదేనని ఒప్పుకుని, బకెట్లు తనే మోసింది. ఇద్దరూ కలిసి సగం నీళ్లు తీసి, ఉప్పు కలిపిన కొత్త నీళ్లు పోశారు. వారం పాటు మేత వేయకూడదన్నాడు భానోజీ. నారింజికి ఆ మాట కొత్త కాదు. అది అప్పటికే ఉపవాసంలో ఉంది.

రెండో రోజు, మూడో రోజు, నాలుగో రోజు నీళ్లు విసురుతూనే ఉంది. ఆకలితో, నీరసంతో దానికి మాట్లాడే ఓపిక కూడా లేదు. అది అంత నిశ్శబ్దంగా ఉండటం పుట్టాక అదే మొదలు. ఆ నిశ్శబ్దంలో, రాతి చిల్లుల్లోంచి సన్నని మాటలు వినిపించాయి. ముందు అవి తిట్లే అనుకుంది. తిట్టడానికి వాళ్లకు హక్కుందని తల వంచుకుని వింది. అవి తిట్లు కావు.

"మా చేప చల్లగా ఉండాలి. మాకు అన్నం పెట్టే చేప చల్లగా ఉండాలి," అంటున్నారు వాళ్లు.

"ఎప్పటినుంచి అంటున్నారిలా?" అని నారింజి నత్తను అడిగింది.

"నువ్వు వచ్చిన రోజు నుంచి."

నారింజి రాతికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. తోక విసరడం మాత్రం ఆపలేదు.

చిన్నరాతివాళ్లు ఒకరికి ఇద్దరయ్యారు, ఇద్దరికి నలుగురయ్యారు. పెద్ద రాళ్లలో ఖాళీ అయిన ఇళ్లలోకి మెల్లగా చేరారు. ఎనిమిదో రోజున పగడపు మొలక ఒక వేలు చాపినట్టు ఒక కొమ్మ విప్పింది. ఆ పొద్దున వరహాలమ్మ వచ్చి రెండంటే రెండే పలుకులు మేత వేసింది. నారింజి రెండూ తిన్నది. ఇన్నాళ్ల ఆకలి మీద అవి ఎంత రుచిగా ఉన్నాయో మీకు చెప్పలేను.

తిని, నేరుగా చిన్నరాయి దగ్గరికి వెళ్లింది. పెళ్లిలో మొదటి బంతి లేచాక, వడ్డించిన ఇంటివాళ్లను పిలిచి కూర్చోబెడతారు చూశారా, అలా పిలిచింది.

"నా భోజనం అయింది. ఇక మీరు కూర్చోండి."

నీతి: మన విస్తరి ఎత్తేవాళ్లు మన కంటికి ఆనకపోవచ్చు. అన్నం పెట్టిన చేతికి పెట్టే దండమే ఆ చేతులకూ పెట్టాలి.