ఏదవ్వ గుహకు పడిన పగులు

రెండు కొండల నడుమ ఒక వాగు. వాగు ఒడ్డున రాతి గుహ. ఆ గుహలో ఉండేది ముసలి ఏదుపంది. ఒంటి ముళ్లు సగం రాలిపోయినా గొంతులో వాడి తగ్గలేదు. అడవిలో చిన్నా పెద్దా అందరికీ అది ఏదవ్వే.

ఈ కొండవాళ్లు ఆ కొండవాళ్లకు ఏదైనా అందించాలంటే మూట కట్టి ఏదవ్వ గుహలో పెట్టిపోతారు. అవతలివాళ్లు వీలున్నప్పుడు వచ్చి తీసుకుపోతారు. ఇద్దరూ ఒకే వేళకు రానక్కర్లేదు. పన్నెండు వానాకాలాలుగా ఇదే నడుస్తోంది.

అప్పట్లో మూట కావాలంటే వాకిట నిలబడి పేరు చెప్పాలి, తమ గుర్తుమాట చెప్పాలి. ఏదవ్వకు చెవులు మందం. గట్టిగా అరవాలి. అరిచిన మాట గుహలోకే పోతుందా, పక్క పొదలోకీ పోతుంది. పోయిన ఎండాకాలం ఆ పొదలో నక్క పడుకుని ఉంది. కౌజుపిట్ట గుర్తుమాట విన్నది. మర్నాడు పొద్దున్నే గొంతు సన్నం చేసుకుని అదే మాట చెప్పింది. ఏదవ్వ తన చేత్తో మూట తీసి ఇచ్చింది. ఆ మూటలో గూటికి దారి చెప్పే గుర్తులు ఉన్నాయి. సాయంత్రానికి గూట్లో పెంకులే మిగిలాయి.

కౌజుపిట్ట వచ్చి తిట్టిపోసినా బాగుండేది. తిట్టలేదు. వాకిట కాసేపు నిలబడి వెళ్లిపోయింది. అది నిలబడిన తీరు ఏదవ్వ గుండెలో దిగబడింది.

ఆ మర్నాడే టేకు అడవి నుంచి వడ్రంగిపిట్టను పిలిపించింది. గుహలో అరలు కట్టింది అదే.

"నువ్వు కట్టిన గుహలో నా చేతుల మీదుగా ఘోరం జరిగింది. ఏం చేస్తావో చెయ్యి. ఇంకోసారి జరిగితే నేను ఈ గుహలో ఉండను," అంది ఏదవ్వ.

ఇద్దరూ మూడు రోజులు కూర్చుని పద్ధతి మొత్తం మార్చేశారు. వాకిలి మూట పెట్టేవాళ్లకే తెరిచేలా చేసి, తీసుకునేవాళ్లకు పిడికెడంత కిటికీ పెట్టి దానికి బండ మూత బిగించారు. అడవి అంతా సణిగింది. ఇదేం చాదస్తమే అవ్వా, మేం నీకు తెలీనివాళ్లమా అంది. ఏదవ్వ ఒక్కటే మాట అంది: "తెలిసినవాళ్లనుకునే కదా నక్కకు మూట ఇచ్చింది!"

వాన మబ్బులు కమ్ముతున్న రోజుల్లో ఒక పొద్దున కుందేలు రొప్పుతూ వచ్చింది. నోట్లో చిన్న మూట.

"అవ్వా, వాగు పొంగేలా ఉంది. పిల్లల్ని పాత బొరియ నుంచి మార్చేశాను. మా ఆయన అవతలి కొండ మీద మేతకు పోయాడు. ఆయనకు కొత్త చోటు తెలియాలి. ఎక్కడంటే..."

"నోరు ముయ్యి!" ఏదవ్వ ఒంటి మీది ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. "నాకెందుకు చెబుతున్నావే? నాకు తెలిస్తే నా నోటి నుంచి జారుతుంది. మూటలో ఏముందో నేను చూడను, నువ్వు చెప్పకు. జిగురు పెట్టి అంటించావా?"

"అంటించాను."

"ఎండు మోదుగాకు చింపావా?"

"చింపాను అవ్వా. ఒక సగం ఆయన బయల్దేరేటప్పుడే ఇచ్చాను. రెండో సగం మూటకు గుచ్చాను."

"ఆ చింపు ఈ చింపుకు అతికితేనే మూట కదులుతుంది. లోపలికి పోయి నీకు నచ్చిన అర మీద నువ్వే పెట్టుకో. నేను అటు తిరుగుతాను." ఏదవ్వ గోడవైపు తిరిగి నిలబడి మళ్లీ అడిగింది. "ఇంకొకటి. గుహలో ఏదైనా కూలితే వడ్రంగిపిట్టకు కబురు పంపాలి. నీ మూట పక్కన కూలితే ఆ సంగతి చెప్పమంటావా, వద్దంటావా? వద్దంటే చెప్పను. నీ ఇష్టం."

"నా పేరు చెబుతారా?"

"చచ్చినా చెప్పం. ఏది విరిగింది, ఎప్పుడు విరిగింది, అంతకు ముందు ఏం జరిగింది. అంతే."

"అయితే చెప్పండి," అని కుందేలు మూట పెట్టేసి పిల్లల దగ్గరికి పరుగెత్తింది.

నక్క పొదలోంచి ఇదంతా చూసింది. కుందేలు పిల్లలు! దాని నోట్లో నీళ్లూరాయి. తిన్నగా పోయి ఒక మోదుగాకు చింపుకొచ్చి కిటికీలోంచి అందించింది. ఏదవ్వ ప్రతి మూట దగ్గరా పెట్టి చూసింది. ఎక్కడా అతకలేదు.

"ఒకటి," అంది ఏదవ్వ.

ఇంకో ఆకు తెచ్చింది. "రెండు." మరొకటి తెచ్చింది. "మూడు. ఇక రేపు పొద్దు పొడిచేదాకా నీకు కిటికీ లేదు. పో." బండ మూత ధడాలున పడింది. వెంట్రుకవాసిలో నక్క మూతి వాయడం తప్పింది.

నక్క ఊరుకుంటుందా? గుహ వెనక్కి పోయింది. అక్కడ గోడలో సన్నని బీట ఉంది. కన్ను ఆనించి చూస్తే నాలుగో అర మీద కుందేలు మూట కనబడింది. పైనున్న రాతిగుండును భుజంతో నెట్టి గోడ మీదికి దొర్లించింది. ధనేల్! బీట కాస్తా పగులైంది. నాలుగో అర విరిగి మూటలన్నీ పగులు పక్కనే కుప్పగా పడ్డాయి. ఏదవ్వ కేక విని నక్క చెట్ల చాటుకు పోయింది.

ఏదవ్వ కాకిని పిలిచింది. "కాకీ, టేకు అడవికి పో. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. నాలుగో అర విరిగింది. మిట్టమధ్యాహ్నం విరిగింది. గోడ పగిలి రాతిపొడి లోపలికి రాలింది. అర లోపలివైపే వాలింది. అంతకు ముందు కిటికీ దగ్గర మూడు తప్పుడాకులు వచ్చాయి. పడినవి పడ్డచోటే ఉంచాం, నువ్వొచ్చి చూసేదాకా ముట్టం."

కాకి సగం దారిలో ఉండగా నక్క చేపముక్క చూపించి కిందికి దింపింది. "కాకమ్మా, ఏం కబురు?"

కాకి చేపముక్క మింగి, కబురంతా వల్లించింది.

"మరి కుందేలు మూట? అది ఎక్కడుంది?"

"ఏ కుందేలు? నాకు ఏ పేరూ చెప్పలేదు. చెప్పనిది నేనెక్కణ్ణించి తేను? ఇంకో ముక్క ఉందా?"

నక్క పళ్లు నూరుకుంది. అంతలోనే దాని మొహం వెలిగింది. పడినవి పడ్డచోటే ఉన్నాయట. అంటే పగులు పక్కనే! కాకపోతే ముసలిది అక్కడే కాపలా కూర్చుని ఉంటుంది. దాన్ని కిటికీ దగ్గరికి లాగితే చాలు.

కాకి టేకు అడవికి చేరి కబురు చెప్పింది. వడ్రంగిపిట్ట తల పక్కకు వంచి విన్నది. "పొడి లోపలికి రాలింది, అర లోపలికి వాలింది. దెబ్బ బయటి నుంచి తగిలింది. దానికి ముందు మూడు తప్పుడాకులు. గోడ దానంతటది పగల్లేదు, కాకీ. ఆకులు తెచ్చినవాడే పగలగొట్టాడు. మళ్లీ వస్తాడు. పద!"

తెల్లారి పొద్దెక్కాక నక్క వచ్చింది. వడ్రంగివాడిలా చెవి మీద ఒక చెక్కముక్క పెట్టుకుని కిటికీ కొట్టింది.

"అవ్వా, వడ్రంగిపిట్ట పంపింది. దానికి ముక్కు నొప్పి. అర నన్ను బిగించమంది."

ఏదవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది. "అట్లాగా నాయనా. ఏం చెయ్యాలి?"

"నాలుగో అర మీది కుందేలు మూట అడ్డంగా ఉంటుంది. అది ఇటు ఇచ్చెయ్. నేను పట్టుకుంటాను."

ఏదవ్వ నవ్వింది. కౌజుపిట్ట వాకిట నిలబడిపోయిన రోజు తర్వాత అది నవ్వడం అదే మొదలు.

"నాలుగో అర మీద కుందేలు మూట ఉందా? ఏమోనయ్యా, నాకే తెలీదు. నేను అటు తిరిగి నిలబడ్డాను. కాకికి తెలీదు. వడ్రంగిపిట్టకు అసలే తెలీదు. వెనక బీటలో కన్ను పెట్టి తొంగిచూసినవాడికే తెలుస్తుంది. గుండు దొర్లించింది కూడా వాడే."

లోపల దూలం మీద నుంచి ఇంకో గొంతు వినబడింది. "నా ముక్కు బాగానే ఉంది, నక్కా. పరామర్శకు వచ్చినందుకు సంతోషం."

నక్క చెవి మీది చెక్క రాలిపడింది. ఇక దాగి లాభం లేదు. ముసలిది కిటికీ దగ్గరే ఉంది కదా అని గిరుక్కున తిరిగి వెనక్కి పరుగెత్తి, మూట కోసం పగుల్లో మూతి మెడదాకా దూర్చింది.

కబురు అందిన వడ్రంగిపిట్ట ఆ పగులును ఊరికే వదలలేదు. రాత్రికి రాత్రే, పన్నెండేళ్లుగా ఏదవ్వ ఒంటి నుంచి రాలిన ముళ్లన్నీ ఏరి, పగుల్లో మొనలు బయటికి పెట్టి, జిగురుతో బిగించింది.

నక్క కేకకు రెండు కొండలూ మార్మోగాయి.

మధ్యాహ్నానికి మగ కుందేలు వాగు దాటి వచ్చి సగం ఆకు అందించింది. ఏదవ్వ ఆ చింపును మూటకున్న చింపుతో కలిపింది. ఈనెకు ఈనె కూడింది. కుందేలు జిగురు విప్పి చూసుకుంది. లోపల ఎర్రమట్టి బెడ్డ ఒకటి, రేగుముల్లు ఒకటి. దానికి చోటు ఎక్కడో అర్థమైంది. వాన మొదలయ్యేలోపు పిల్లల దగ్గరికి ఉరికింది. ఎటు పోయిందో ఏదవ్వ చూడలేదు. అటు తిరిగి నిలబడింది.

నక్క మాత్రం వారం రోజులు మూతికి ముళ్లతో తిరిగింది. ఏమైందని అడిగినవాళ్లకు తేనెపట్టులో మూతి పెట్టానని చెప్పుకుంది.

నీతి: కాపలా కాసేవాడు విరిగినదాన్ని దాచకూడదు, దాచుకున్నవాడి పేరు విప్పకూడదు.