రేవు అరుగులక్ష్మి వ్రతకథ

పూర్వమొకప్పుడు గౌతమీతీరమున తపస్సు చేసుకొనుచున్న స్థాణుదత్త మహర్షి యొద్దకు, జన్మమంతయు ఇతరుల ఆశ్రమములలోనే కాలక్షేపము చేసిన పరాశ్రముడను ముని వచ్చి, ఫలాహారానంతరము ఇట్లు ప్రశ్నించెను. మహాత్మా, కలియుగమున నరులు సగము జీవితము అద్దెయిండ్లలో గడిపి తుదకెట్లో స్వగృహము కొందురని వింటిని. అట్లు కొన్నవారిలో కొందరు సుఖింతురు, కొందరు తమ యింటనే పరదేశులవలె కృశింతురు. ఇల్లు కొన్నవానికి ఊరు కూడ లభించు వ్రతమేదైన కలదా యని అడిగెను. స్థాణుదత్తుడు, ఈతడు తన ఆశ్రమమునుండి ఎన్నడు కదలునో యని క్షణకాలము చింతించి, పిమ్మట ప్రసన్నుడై చెప్పదొడగెను.

మునీంద్రా, ఈ నది ఒడ్డుననే వాకలరేవను చిన్న గ్రామమొకటి కలదు. రేవునకెదురుగా ఒక పెంకుటిల్లు, ఆ యింటికి వీధివైపున పొడవైన అరుగు ఉండెను. ఏటి అవతలికి పోవు పంటుపడవకొరకు వేచియుండువారు, గంపలవారు, పెండ్లిచూపులవారు, కోర్టుపక్షులు, అందరును ఆ అరుగుననే కూర్చొనుచుండిరి. అరుగు ఇంటివారిదైనను దాని నీడ రేవుదని అచటి ఆచారము. సాక్షాత్తు శ్రీమహాలక్ష్మియే, వైకుంఠమున దొరకని కబుర్లకై, మధ్యాహ్నవేళ ఒక మూల ఒదిగి కూర్చొనెడిదని పెద్దలు చెప్పుదురు.

ఆ యింటిని విశ్వపతి యను విశ్రాంత విద్యుత్ శాఖోద్యోగి కొనెను. ఆయన భార్య కాత్యాయని, గోడకు మేకు కొట్టుటకు సైతము యజమానుల అనుమతి వేడుచు అద్దెయిండ్లలో ముప్పాతిక జీవితము గడిపిన సాధ్వి. ఇకమీదట ఎచటికిని కదలక, ఈ ఊరి మనిషి ననిపించుకొని బ్రతుకవలెనని ఆమెకు ఒక్కటే కోరిక. క్రయకాలమున అమ్మువాడు, "ఇల్లు మీదేనండి. అరుగు మాత్రం రేవుదండి, ఆయ్" అని వినయముగా మనవి చేయగా, విశ్వపతి దానిని ఆస్తితగాదాగా భ్రమించి, వకీలును పట్టి, అరుగును ప్రత్యేకముగా దస్తావేజున వ్రాయించి, తన ప్రజ్ఞకు తానే పొంగిపోయెను. గృహప్రవేశమైన మరునాడే అరుగు చుట్టును ఇనుప గ్రిల్లు బిగించి తాళము వేసెను.

ఊరివారు కలహింపరైరి. మిక్కిలి మర్యాదస్థులగుటచే ఎండలో నిలువబడిరి. దేవియు వారితోపాటు నిలువబడి, కాళ్ళు నొచ్చి, అలిగెను.

అంతట ఆ దంపతులకు కష్టములు ప్రాప్తించెను. ఊరి వార్తలన్నియు ఆ అరుగుమీదుగానే సంచరించునవి గావున, వారికి ఏ వార్తయు చేరదయ్యెను. కుళాయి వచ్చు వేళ తెలియక బిందెలు ఎండెను. పంటు చెడినదని పసిపిల్లలకు సైతము తెలిసినను, విశ్వపతి యొక్కడే ఇస్త్రీచొక్కాతో రేవున నిలిచి ఏటిని చూచుచుండెను. శ్రావణ శుక్రవారమున కాత్యాయని వీధివీధికి పోయి పేరంటమునకు పిలిచెను. ముత్తయిదువలు పట్టుచీరలతో వచ్చి, విశ్వపతి అలవాటుచొప్పున వేసియుంచిన తాళము చూచి, ఇంట నెవ్వరును లేరనుకొని మరలిపోయిరి. లోపల ఆమె నానిన శనగలను ముందిడుకొని సాయంకాలము వరకు ఎదురుచూచెను.

పిమ్మట ఆమె కన్నీరు పెట్టక ఇట్లనెను. "అద్దింట్లో కనీసం తిట్టడానికైనా ఇంటివాళ్ళొచ్చేవాళ్ళండీ. ఇక్కడ అదీ లేదు. అమ్మేయండి, పోదాం."

ఆమె అవతలి ఒడ్డున అద్దెయిల్లు వెదకుటకు పోగా, విశ్వపతి ఇంటిని బేరమునకు పెట్టెను. కొనువాడు వచ్చు దినమున ఎదురేగుటకు బయలుదేరి, గ్రిల్లు తాళము నొక్కిన వెనుక, తాళపుచెవి లోపలనే యుండిపోయినదని గ్రహించెను. మిట్టమధ్యాహ్నము. తన అరుగు, తన నీడ, తన దస్తావేజు, అన్నియు గ్రిల్లునకు ఆవల నుండెను.

పేరంటాలను పేరుగల పొరుగింటి ఆమె తన చిన్న అరుగుపై చేపలగంప దించుకొని ఆయనను చూచెను.

"ఏంటండి బాబయ్యగారూ, మీ యింటిముందు మీరే నిలబడ్డారు?"

"తాళంచెవి లోపలుండిపోయిందమ్మా."

"అయితే మీరూ మా జట్టేనన్నమాట. రండి, ఇలా కూకోండి. కోళ్ళగంప కొంచెం జరిపితే సరి."

విశ్వపతి కోళ్ళకును కొబ్బరిగెలలకును నడుమ ఆసీనుడయ్యెను. ఆ కొద్దిసేపటిలోనే కుళాయి వేళయు, పంటు వేళయు, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయినదో అదియు ఆయనకు అయాచితముగా లభించెను. శ్రావణమాసపు అవమానము తలచుకొని, పేరంటమునకు ఏల రాలేదని సంకోచముతో అడిగెను.

"రాకపోవడమేంటండి, వచ్చేం. తాళమేసిన ఇంట్లో బొట్టెవరు పెడతారండి? మీ ఆవిడగారు పాపం ఎక్కడికెళ్ళేరో అనుకున్నాం."

ఆయన తన గ్రిల్లు తాళమును తేరిపార చూచెను. ఇంతలో పంటు వచ్చెను. దానినుండి కాత్యాయనియు, కొనువాడును దిగిరి. కొనువాడు ఇంటిని ఎగాదిగ చూచి, "ఇల్లు సంగతెలా ఉన్నా గ్రిల్లు మాత్రం భేషుగ్గా ఉందండి. ఎవడూ కాలు పెట్టలేడు. దీన్ని చూసే కొంటున్నాను" అని శ్లాఘించెను. విశ్వపతికి ఆతని ముఖమున తన ముఖమే కనిపించెను.

"గ్రిల్లు కావాలంటే ఊరికే పట్టుకుపోండి. ఇల్లు అమ్మను" అని ఆయన పలుకగా, కాత్యాయని చేతిసంచి నేల జారెను. కొనువాడు లాభమెరిగినవాడగుటచే, గ్రిల్లును తాళముతో సహా ఊడబెరికించి అదే పంటున తరలించెను.

అయినను మునీంద్రా, విధిలోపము వలన ఫలము వెంటనే సిద్ధింపదయ్యెను. విశ్వపతి అరుగున కుర్చీ వేసికొని, కూర్చొనవచ్చిన ప్రతివానిని ఎవరు, ఎచటికి, ఏ పనికి అని ప్రశ్నింపసాగెను. జనులు మరల ఎండకు పోయిరి, దేవియు వారిని వెంబడించెను. అది కనిపెట్టిన కాత్యాయని కుర్చీని లోపలికి మోసికొనిపోయి, అరుగు కడిగి ముగ్గు పెట్టి, కుండతో నీరును, తాటాకు విసనకఱ్ఱయు, పళ్ళెమున వడపప్పును ఉంచి, తానును లోపలికి పోయెను. ఇదియే వ్రతవిధానము. వచ్చినవారిని కులగోత్రములు అడుగరాదు, గంపలో ఏమున్నదని ముక్కు మూసికొనరాదు.

నాటినుండి ఆ యింట బిందెలు నిండెను, పేరంటములు వర్ధిల్లెను, విశ్వపతికి తెలియని వార్త యుండదయ్యెను. ఒకనాడు పొరుగూరివాడొకడు అరుగున కూర్చొనుటకు జంకి, ఇల్లెవరిదని అడిగెను. నీటికుండ నింపుచున్న కాత్యాయని బదులు చెప్పుటకు నోరు తెరచునంతలో, పేరంటాలు గంపమీదినుండి చేయి తీయకయే, "మనదే. కూకో" అనెను. కాత్యాయని కుండ పొంగి పొరలునంతవరకు నీరు పోయుచునే యుండెను.

కావున క్రొత్తగా ఇల్లు కొన్నవారును, కొనదలచినవారును, కొని ప్రహరీ ఎత్తు పెంచదలచినవారు విశేషముగాను ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి అడుగకయే కరివేపాకును, పిలువకయే చుట్టములును లభించును. కొంత నిద్రాభంగము కలుగును, దానిని ప్రసాదముగా స్వీకరింపవలెను. కథాక్షతలను గడపపై గాక అరుగుపై చల్లవలెను. అచట ఎవరైన కూర్చొనియున్నచో వారి తలపై పడినను దోషము లేదు, దేవి కూర్చొనునదియు ఆ వరుసలోనే.