రెండో లైటు

తెనాలిలో స్టూడియో నడిపే కరీముల్లా మాస్టారు శిష్యుల చేత చాలాకాలం ఒక్క లైటుతోనే ఫొటోలు తీయించేవారు. హిమజకు అది మింగుడుపడలేదు. “ఒక్క లైటుతో ముఖం సగమే వెలుగుతోంది మాస్టారూ. బీరువాలో ఇంకోటి ఉందిగా, ఎందుకు ముట్టుకోనివ్వరు?” అని ఒకరోజు అడిగేసింది. ఆయన బదులిచ్చేలోగా ఇద్దరు పెద్దావిడలు లోపలికి వచ్చారు.

అనసూయమ్మ, కామేశ్వరి అక్కచెల్లెళ్లు. మంచాన పడిన తల్లికి ఎవరెంత చాకిరీ చేశారన్న దగ్గర మాటలు తెగిపోయి ఏళ్లయింది. హైదరాబాదులో వాళ్ల తమ్ముడికి మర్నాడు గుండె ఆపరేషన్. “లోపలికి తీసుకెళ్లే ముందు మీరిద్దరూ కలిసున్న ఫొటో చూడాలని ఉంది” అని అతను ఫోన్ చేసి అడిగాడట. అందుకని వచ్చారు, వేర్వేరు ఆటోల్లో.

బల్లకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. లైటు వెలుగంతా అక్క అనసూయమ్మ మీదే పడింది. చెల్లెలు చీకట్లో కలిసిపోయింది. లైటును ఇంకా వెనక్కి జరుపుదామంటే గోడ అడ్డం. హిమజ బీరువా వైపు కదలబోతే మాస్టారు చేత్తో వారించారు.

“ఇద్దరికీ వెలుగు అందాలంటే కాస్త దగ్గరికి జరగాలమ్మా.”

“ఆవిణ్ణి జరగమనండి” అంది అనసూయమ్మ.

“నేనెందుకు జరగాలి?” అంది కామేశ్వరి, మాస్టారితోనే.

ఆయన అలాగే ఫొటో తీసి, కెమెరా తెచ్చి అనసూయమ్మకు చూపించారు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. చెల్లెలు ఉండాల్సిన చోట నల్లటి ఆకారం తప్ప ఏమీ లేదు.

“ఇది చూస్తే వాడు హడలిపోతాడే కామూ. నువ్వెక్కడని వెతుక్కుంటాడు.”

అనసూయమ్మే లేచి, వెళ్లి చెల్లెలి పక్కన భుజం తగిలేలా కూర్చుంది.

“ఎంత చిక్కిపోయావక్కా” అంది కామేశ్వరి.

మాస్టారు లైటును వాళ్లవైపు కొద్దిగా తిప్పారు. ఈసారి రెండు ముఖాలూ తేటగా వచ్చాయి, కళ్లలో తడితో సహా.

మర్నాడు సాయంత్రం స్టూడియోకి ఫోను వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందని అక్కచెల్లెళ్లిద్దరూ ఒకేసారి, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ చెప్పారు. ఫోను పెట్టేశాక హిమజ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, మాస్టారిని అడిగింది.

“నిన్న నేను రెండో లైటు పెట్టేసి ఉంటే?”

“ఫొటో మాత్రం బాగానే వచ్చేదమ్మా” అన్నారాయన.