నాలుగు అంగుళాల ఎత్తు

ఆ రోజు మధ్యాహ్నం ఓబులేశుకు ముద్ద దిగలేదు.

డబ్బా విప్పాడు, జొన్నరొట్టె తుంచాడు, మళ్లీ మూత పెట్టేశాడు. పదిన్నరకు షెడ్డు దాటి వెళ్లిన బండి అతని కళ్ల ముందు నుంచి మాత్రం కదలడం లేదు. పని బాగానే చేశాడు. చేశాననే అనుకుంటున్నాడు. చిక్కంతా ఆ అనుకోవడం దగ్గరే వచ్చింది.

కర్నూలులో దస్తగిరి ఉస్తాద్ దగ్గర అతను తొమ్మిదేళ్లుగా మెకానిక్కు పని నేర్చుకుంటున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రివి, ఇంకా ఈ శిష్యరికం ఏమిటని బావమరుదులు ఏడిపిస్తుంటారు. ఈ తొమ్మిదేళ్లలో ఉస్తాద్ చూడకుండా ఒక్క బండీ బయటికి వెళ్లలేదు. ఈ రోజు వెళ్లింది. ఉస్తాద్‌కు కంటి ఆసుపత్రిలో పరీక్ష ఉంది. "ఈ పొద్దు నువ్వే చూసుకో" అని వెళ్లాడు. పొద్దున ఆ మాటకు ఓబులేశు ఛాతీ ఉబ్బింది. మధ్యాహ్నానికి అదే మాట ఛాతీ మీద ఎక్కి కూర్చుంది.

బండి సుంకన్న సారుది. డ్రాయింగు మాస్టారుగా రిటైరైన మనిషి. సముద్రం ఒడ్డు వెంబడి విశాఖపట్నం దాకా వెళ్లి, తోచిన చోట ఆగి బొమ్మలు గీసుకోవాలని పెద్ద టూరింగ్ బండి కొనుక్కున్నాడు. కోరిక బాగానే ఉంది కానీ ఆ బండి హ్యాండిల్ బాగా కింద ఉంది. అందుకోవాలంటే వంగాలి, వంగితే మెడ నరం లాగుతుంది. ఎత్తు హ్యాండిల్ వేయమని వచ్చాడు.

హ్యాండిల్ ఎంచడంలో ఓబులేశు తప్పేమీ చేయలేదు, అది ఒప్పుకోవాలి. సారు మోజుపడింది చెవుల దాకా లేచిన ఒక హ్యాండిల్ మీద. "అది చూడ్డానికే బాగుంటుంది సార్. ఊరు దాటకముందే చేతులు తిమ్మిరెక్కుతాయి" అన్నాడు ఓబులేశు. సారును సీటు మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, భుజాలు వదిలేసి చేతులు ఊరికే ముందుకు చాపమన్నాడు. పిడికిళ్లు ఎక్కడ ఆగాయో అక్కడికి టేపు పట్టాడు. పాతదానికన్నా నాలుగు అంగుళాలు పైకి, రెండు అంగుళాలు వెనక్కి వచ్చింది. అచ్చంగా ఆ కొలత హ్యాండిలే బిగించాడు. క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ కూడా పొడుగువి మార్చాడు. సారు ఎక్కి కూర్చుని, "నా మెడ నాకు తిరిగొచ్చింది నాయనా" అని మురిసిపోయాడు.

ఇక మిగిలింది ముందు బ్రేకు పైపు. హ్యాండిల్ దగ్గర నుంచి చక్రం దాకా దిగే నూనె పైపు అది. పొడుగు పైపు ఒకటి గోడ మేకుకు వేలాడుతూనే ఉంది. కానీ మార్చాలంటే పాత నూనె తీయాలి, కొత్త నూనె పోయాలి, లోపల గాలి బుడగ లేకుండా మొత్తం వెళ్లగొట్టాలి. గంటన్నర పని. అవతల సారు గడియారం చూసుకుంటున్నాడు. ఓబులేశు హ్యాండిల్‌ను ఎడమకు చివరి దాకా తిప్పాడు, కుడికి చివరి దాకా తిప్పాడు. కాస్త బిగుతుగానైనా పాత పైపు అందింది.

"సరిపోయింది సార్" అన్నాడు.

"ఆత్మకూరులో మా అక్క ఇంట్లో భోంచేసి, ఓ కునుకు తీసి, మూడింటికి ఘాట్ ఎక్కుతా" అని చెప్పి సారు బయలుదేరాడు. బండి సందు మలుపు తిరిగీ తిరగకముందే ఓబులేశు మనసు కీడు శంకించడం మొదలుపెట్టింది.

పన్నెండున్నరకు ఉస్తాద్ ఆటో దిగాడు. కళ్లలో చుక్కలు వేశారట, సాయంత్రం దాకా అంతా మసకే. గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు.

"ఉస్తాద్, సుంకన్న సారు బండి పోయింది."

"మంచిది."

"బ్రేకు పైపు పాతదే ఉంచినా. రెండు పక్కలా తిప్పి చూసినా, అందింది."

ఉస్తాద్ గోడకు ఆనుకుని చెప్పులు విడిచాడు.

"ఏం కాదు కదా ఉస్తాద్?"

ఓబులేశుకు కావలసింది 'ఏం కాదు లేరా' అన్న ఒక్క మాట. అది దొరికితే చాలు, హాయిగా రొట్టె తినేసేవాడు.

ఉస్తాద్ తడుముకుంటూ వెళ్లి, ఓబులేశు సొంత బండికి డబుల్ స్టాండు వేశాడు. వెనక క్యారియర్ మీద ఎక్కి కూర్చున్నాడు. బరువు వెనక్కి పడేసరికి ముందు చక్రం నేలను వదిలి గాలిలోకి లేచింది. అప్పటిదాకా బరువుకు అణిగి ఉన్న ముందు ఫోర్కులు పూర్తిగా కిందికి సాగాయి.

"ఇప్పుడు తిప్పు" అన్నాడు.

ఓబులేశు తిప్పాడు. నేల మీద ఉన్నప్పుడు వదులుగా వంకీ తిరిగి ఉండే బ్రేకు పైపు దాదాపు నిటారుగా సాగిపోయింది. ఇంకా రెండు వేళ్ల వదులు మాత్రమే మిగిలింది. అది మామూలు హ్యాండిల్ ఉన్న బండి.

సారు బండి హ్యాండిల్ నాలుగు అంగుళాలు ఎత్తు. తాను తిప్పి చూసినప్పుడు చక్రం నేల మీద ఉంది, సీటు మీద సారు కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఆ బండి వెనక రెండు పెద్ద సంచులున్నాయి. ఘాట్ మలుపులో ఒక గుంత తగిలి ముందు చక్రం లేచిందంటే, పైపు కీలు దగ్గర తెగుతుంది. తెగితే ఆ వాలులో ముందు బ్రేకు ఉండదు.

"ఫోన్ చెయ్" అన్నాడు ఉస్తాద్.

ఐదుసార్లు చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆత్మకూరులో అక్క ఇల్లు ఎక్కడో ఇద్దరికీ తెలియదు.

"గోడ మీది పైపు తీసుకో. నూనె డబ్బా మర్చిపోవద్దు" అంటూ ఉస్తాద్ అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. ఘాట్‌కు ముందు అటవీ శాఖ చెక్‌పోస్టు ఉంది. ఎవరైనా ఆ గేటు దాటే వెళ్లాలి.

దారి పొడవునా ఓబులేశుకు ఒకటే ధ్యాస. ఎదురుగా వచ్చిన అంబులెన్సును చూసి పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఖాళీగా వెళ్తోందని తెలిశాకే మళ్లీ బండి వేగం పెంచాడు.

నందికొట్కూరు దాటాక ఉండబట్టలేక అడిగాడు. "ఉస్తాద్, ఈ భయం ఎన్నేళ్లకు పోతుంది?"

వెనక కూర్చున్న ఉస్తాద్‌కు గాలికి వినపడలేదేమోనని మళ్లీ అడిగాడు, గట్టిగా.

"మెల్లగా పో రా. మనకుండేవి కూడా బ్రేకులే" అన్నాడు ఉస్తాద్.

చెక్‌పోస్టు చేరేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. గేటు దగ్గర గార్డును పట్టుకుని అడిగాడు.

"పెద్ద బండా? వెనక సంచులు కట్టినదా? అట్లాంటిది ఇప్పుడే పోయిందే అప్పా!"

ఓబులేశు గేటు కమ్మీ పట్టుకున్నాడు. "ఆకుపచ్చదా అన్నా?"

"ఆకుపచ్చ కాదు, నల్లది. నడిపేది కూడా పిల్లోడు."

ఊపిరి పీల్చుకున్నాడు గానీ అది సగం ఊపిరే. మూడయింది. మూడూ పది అయింది. ఒక్కో బండి శబ్దానికి లేచి నిలబడుతున్నాడు, మళ్లీ కూర్చుంటున్నాడు. మూడుంబావుకు మలుపులో ఆకుపచ్చ బండి కనిపించింది. సుంకన్న సారు మెడ నిటారుగా పెట్టి, పెళ్లికొడుకులా వస్తున్నాడు. ఓబులేశు రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఇదేంది ఓబులేశూ, నువ్వు ఈడ?"

'ఊరికే ఒకసారి చెకింగ్ సార్' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఉస్తాద్ ఏదైనా అంటాడేమోనని చూశాడు. ఉస్తాద్ అటు తిరిగి అడవి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"తప్పు చేసినా సార్. దిగండి" అన్నాడు ఓబులేశు.

డబుల్ స్టాండు వేసి, వెనక సంచుల మీద బరువు మోపాడు. చక్రం లేచింది. హ్యాండిల్‌ను మెల్లగా తిప్పమని సారునే అడిగాడు. సగం తిరిగేసరికే పైపు బట్టలారేసే తీగలాగా బిగుసుకుపోయింది. కీలు దగ్గర అప్పటికే నూనె చెమ్మ కనబడుతోంది.

సారు ఆ చెమ్మను వేలితో తాకాడు. వేలును చాలాసేపు చూసుకున్నాడు.

"ఈ గేటు దాటింటే?" అన్నాడు.

ఓబులేశు సిగ్గుతో తల వంచుకుని సామాను సంచి విప్పాడు.

చెక్‌పోస్టు రేకుల కింద గంటన్నర పట్టింది. పాత పైపు తీశాడు, పొడుగుది బిగించాడు, నూనె పోసి గాలి అంతా వెళ్లగొట్టాడు. మళ్లీ చక్రం లేపి రెండు పక్కలా తిప్పాడు. పైపు ఎటు తిప్పినా వదులుగానే ఉంది. కళ్లు కనిపించకపోయినా ఉస్తాద్ పైనుంచి కింది దాకా వేళ్లతో తడిమి చూశాడు. లివర్ నొక్కి, నొక్కినట్టే కాసేపు పట్టుకున్నాడు.

"బాగుంది" అన్నాడు.

సుంకన్న సారు హెల్మెట్ పెట్టుకున్నాడు. ఓబులేశు మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా వెళ్తూ వెళ్తూ, "దారిలో సిగ్నల్ ఉండదు. ఘాట్ దిగి దోర్నాలలో ఫోన్ చేస్తా" అన్నాడు.

గేటు పక్కన టీ అంగడి. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఓబులేశుకు పొద్దుటి నుంచి లేని ఆకలి ఒక్కసారిగా ముంచుకొచ్చింది. రెండు బన్నులు తిన్నాడు, వేడి టీ రెండు గుక్కల్లో తాగేశాడు, లేచి బండి తాళం తీశాడు.

"ఇంక పోదామా ఉస్తాద్? పొద్దు వాలకముందే ఇల్లు చేరొచ్చు."

"ఆయన ఫోన్ రానీ."

"పని సరిగానే ఉంది కదా ఉస్తాద్? మీరు కూడా పట్టి చూసినారు కదా?"

"సరిగానే ఉంది."

అని, ఉస్తాద్ ఆ మసక కళ్లతోనే ఘాట్ రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన చేతిలో టీ గ్లాసు ఇచ్చింది ఇచ్చినట్టే నిండుగా ఉంది. పైన మీగడ కట్టింది.

ఓబులేశు తాళం జేబులో వేసుకుని, వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.